బర్డ్ వాచింగ్ క్లబ్‌లో చేరితే పిట్టల్ని చూడటం తప్ప ఇంకేమైనా ఉంటుందా?

మీరు అడిగింది రెండు విషయాలు. పక్షుల పేర్లు తెలియకుండా, కెమెరా లేకుండా వెళ్తే నవ్వుతారా అన్నది ఒకటి. పొద్దున్నే నడిచి ఫోటోలు పెట్టుకోవడమే తప్ప దీనివల్ల పక్షులకు ఒరిగేదేమైనా ఉందా అన్నది రెండోది. ఆరేళ్లుగా ఒక చిన్న క్లబ్‌లో ఉన్నాను, నేను చూసింది చెప్తాను.

మొదటిదాని గురించి టెన్షన్ పెట్టుకోకండి. నేను చేరిన రోజు నాకు తెలిసినవి కాకి, పిచ్చుక, చిలుక, కొంగ. పొడుగు కాళ్లతో తెల్లగా ఏది నిలబడ్డా కొంగే. కెమెరా ఇప్పటికీ లేదు. కొత్తవాళ్లకి ఇవ్వడానికి మా దగ్గర రెండు మూడు బైనాక్యులర్స్ ఉంటాయి. తర్వాత కొనుక్కోవాలనిపిస్తే 8×42 తీసుకోండి. 8 రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. 10 రెట్లది ఇంకా మంచిదనుకుని నేను కొన్నాను. పిట్టతో పాటు నా చేతి వణుకు కూడా పెద్దదైంది. ఇంకోటి, పిట్ట కనబడగానే తల దించి బైనాక్యులర్స్ కోసం చూసుకోవద్దు, మళ్లీ తల ఎత్తేసరికి అది ఏ కొమ్మ మీదుందో మర్చిపోతారు. చూపు దాని మీదే ఉంచి బైనాక్యులర్స్‌ని కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి.

గొంతు విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ మంచిదే, కానీ దాన్ని గుడ్డిగా నమ్మొద్దు. ఒకసారి అది డేగ అని చూపిస్తే పది మందిమి ఆకాశం కేసి చూస్తూ నిలబడ్డాం. తీరా అరుస్తోంది కరెంటు తీగ మీదున్న ఏట్రింత, అదే చీలిన తోక ఉన్న నల్లపిట్ట. డేగలా అరిచి గోరింకల్ని బెదరగొట్టి, అవి వదిలేసిన పురుగుల్ని కాజేయడం దానికి అలవాటు.

ఇక రెండో ప్రశ్న. అసలు పని లెక్కపెట్టడం. నిజం చెప్పాలంటే చాలా బోరు పని. నెలకోసారి అదే చెరువు, అదే గట్టు, అదే టైము. కొత్త పిట్ట కోసం వచ్చినవాళ్లు మూడో నెలకి మానేస్తారు. మొదట్లో నేను నీటికాకులు నలభై అని రాస్తే, క్లబ్‌లో పెద్దాయన ఒకరు నోట్‌బుక్ తీసుకుని చూసి, "అమ్మా, అవి ఒక చుట్టు తిరిగి మళ్లీ వచ్చినవే" అన్నారు. అటూ ఇటూ ఎగిరే గుంపును వచ్చినప్పుడల్లా కలుపుకుంటూ పోకూడదట. ఒకేసారి కంటికి ఆనినవాటిలో ఎక్కువ సంఖ్యే రాయాలి. ఆ రోజు నలభై కాస్తా ఇరవై రెండయ్యాయి.

ఆ లిస్టులు ఈబర్డ్‌లోకి ఎక్కిస్తాం, ఎవరు చూసిన పక్షుల లెక్కలు వాళ్లు రాసే వెబ్‌సైటు అది. అమెరికాలో పక్షుల మీద పరిశోధన చేసే కార్నెల్ ల్యాబ్ వాళ్లు 2002 నుంచి నడుపుతున్నారు. అందులో "చూసినవన్నీ రాశారా?" అని అడుగుతుంది. అరుదైన పిట్టను మాత్రమే రాసి కాకుల్ని వదిలేస్తే ఆ లిస్టు సగం వృథా. అన్నీ రాస్తేనే, రాయనిది ఆ రోజు మన కంట పడలేదని లెక్క. అలాంటి లిస్టులు ఏళ్ల తరబడి పోగుపడితేనే ఏ పక్షి తగ్గుతోందో తెలుస్తుంది. అప్పుడప్పుడూ వచ్చేవాళ్లకి ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ బాగుంటుంది. కనీసం 15 నిమిషాలు ఒకచోట కూర్చుని లెక్కపెడితే చాలు.

సంరక్షణ పేరుతో మేం చేసిన పెద్ద తప్పు కూడా చెప్పాలి. చెరువు పక్కన రాళ్లూ గడ్డిపరకలూ తప్ప ఏమీ లేని బయలు ఉండేది. ఖాళీ జాగానే కదా అని ఒక వానాకాలం అక్కడ వంద మొక్కలు నాటాం. ఫోటోలు దిగాం, చప్పట్లు కొట్టుకున్నాం. అది తీతువు పిట్టలు గుడ్లు పెట్టే చోటని ఎవరికీ తట్టలేదు. అవి గూడు కట్టవు. నేల మీద చిన్న గుంటలో, గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు పెడతాయి. మచ్చలతో అచ్చం రాళ్లలాగే ఉంటాయి. ఒకసారి నా చెప్పు అంచుకి జానెడు దూరంలో చూశాను. తల్లి నా నెత్తి మీద అరుస్తూ తిరుగుతుంటే కానీ కింద చూడాలనిపించలేదు. మొక్కలు ఎదిగాక రెండేళ్లు మా లిస్టులో తీతువు పిల్లలు లేవు. కారణం మేమేనని ఒప్పుకోవడానికి మీటింగ్‌లో పెద్ద గొడవే అయింది. చివరికి సగం మొక్కల్ని తవ్వి వేరేచోటికి మార్చాం. అందుకే ఇప్పుడు ఎవరైనా "మొక్కలు నాటే కార్యక్రమం" అనగానే, అక్కడ ఇప్పుడు ఏం బతుకుతోంది అని అడుగుతాం.

మిగతావి చిన్నవి. చెట్లకు చిక్కుకున్న గాలపు నైలాన్ దారాలు ఏరడం, పిచ్చుకలకు చెక్కపెట్టెలు కట్టడం (కన్నం 32 మిల్లీమీటర్లు, ముందు నిలబడే పుల్ల అక్కర్లేదు). కిటికీ అద్దాలకు పక్షులు గుద్దుకోకుండా బయటివైపు చుక్కలు అంటించడం. మధ్య ఎడం 5 సెంటీమీటర్లు మించకూడదు. అద్దం మధ్యలో ఒక్క గద్ద బొమ్మ అంటిస్తే లాభం లేదు, పక్షులు దాని పక్కనుంచి వచ్చి గుద్దుకుంటాయి. పిల్లలకైతే గుడ్లగూబ కక్కిన ఉండల్ని (అరగని ఎముకలు, బొచ్చు ముద్దకట్టినవి) పట్టకారుతో విప్పించే రోజే పండగ. శుభ్రం చేసి పెట్టిన ఉండలోంచి ఎలుక దవడ, నారింజ రంగు పళ్లతో సహా బయటపడితే పిల్లలు ఇక ఇంటికి వెళ్లం అంటారు.

చేరే ముందు ఒక నడకకి ఊరికే వెళ్లి చూడండి. పిట్ట బయటికి రావాలని గూళ్ల దగ్గర ఫోన్లో దాని కూత పెట్టేవాళ్లు, గుడ్ల ఫోటోలను చోటుతో సహా అందరికీ పంపేవాళ్లు ఉంటే నేనైతే ఆ క్లబ్ జోలికి పోను. వెళ్లేటప్పుడు మట్టిరంగు చొక్కా వేసుకోండి. నేను మొదటి రోజు వేసుకెళ్లిన పసుప్పచ్చ చొక్కా గురించి మావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.