కానుక లేదని చర్చి మానకండి అక్కా

అక్కా, గాజువాకలో మీవారి కాంట్రాక్టు పని పోయిందనీ, చేతిలో కానుక లేక ఆదివారం చర్చికి వెళ్లాలంటే సిగ్గుగా ఉందనీ రాశారు. చదివి మనసు చివుక్కుమంది. యేసయ్య మెచ్చుకున్నది రెండు కాసులు వేసిన పేద విధవరాలినే కదా!

ముందు పాస్టరమ్మగారికి ఫోన్ చేసి అద్దె బాకీ, పిల్లల ఫీజు సంగతి దాచకుండా చెప్పండి. ఒకరి భారాలు ఒకరు మోయాలని గలతీ పత్రిక 6వ అధ్యాయంలోనే ఉంది.

ఇంట్లో రాత్రి ప్రార్థన మాత్రం ఆపొద్దు. అన్నాలయ్యాక చాప పరిచి 13వ కీర్తన పిల్లలచేత చదివించండి. ఇంకా ఎన్నాళ్లని దావీదే దేవుణ్ణి నిలదీశాడు, మీవారూ అడగొచ్చు, ఏడవొచ్చు. నోరు విప్పకపోతే బలవంతపెట్టకండి, పక్కన కూర్చుంటే చాలు.

ఆటోనగర్‌లో, పోర్టులో పనిచేసే అన్నయ్యలు మీ సంఘంలో ఉండే ఉంటారు. ఎక్కడైనా ఖాళీలున్నాయేమో పాస్టరుగారి చేతే అడిగించండి.