మేస్త్రీ జవాబులు: ముందు పంకాని అడుగు

ప్రశ్న: మేస్త్రీ గారికి నమస్కారం. మాది భావనపాడు దగ్గర. మా నాన్న కట్టించిన చెక్క బోటు ఉంది. 27 అడుగులు, మీద ఫైబరు పూత వేయించాం. నలుగురం పొద్దున వేటకెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తాం. అందులో ఉన్నది రెండు సిలిండర్ల పాత డీజిలింజను, 20 హార్స్‌పవరు, 1500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు). గేరుబాక్సు రెండుకి ఒకటి. మొన్న మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటుతుంటే ఆగిపోనాది. విప్పి చూస్తే స్లీవులు అరిగిపోయాయి, ఆయిలు మజ్జిగలా ఉంది. క్రాంకు ఇప్పటికే రెండుసార్లు గ్రైండింగు చేయించాం. ఒకాయన పాత ట్రాక్టరింజను, 45 హార్స్‌పవరుది, 90 వేలకి ఇస్తానంటున్నాడు. ఇంకొకాయన 22 హార్స్‌పవరు కొత్తింజను తీసుకోమంటున్నాడు. అది 3000 ఆర్‌పీఎంది, ధర మూడింతల పైమాటే. పెద్దింజనైతే స్పీడొస్తుందని మా తమ్ముడి పట్టు. ఏటి చెయ్యమంటారు?

జవాబు: బాబూ, నీ ఉత్తరంలో ఇంజను గురించి అన్నీ ఉన్నాయి, పంకా సంగతి ఒక్క ముక్క లేదు. నా షెడ్డుకొచ్చే వాళ్ళందరిదీ ఇదే వరస. సిలిండర్లు లెక్కపెడతారు, హార్స్‌పవరు అడుగుతారు, రంగు బావుందో లేదో కూడా చూస్తారు. బోటుని తోసేది నీళ్ళలో ఉన్న ఆ మూడు రెక్కలు. వాటిని ఎవరూ అడగరు. నేను ఫోను చేస్తే నువ్వు బోటు కిందికి దూరి, పంకా బొడ్డు మీద 20×14 అని గుద్ది ఉందన్నావు. అంటే అడ్డకొలత 20 అంగుళాలు, పిచ్ (లెక్క ప్రకారం ఒక్క చుట్టుకి పంకా ముందుకి జరిగే దూరం) 14 అంగుళాలు. ఇక మాట్లాడుకోవచ్చు.

పాత ఇంజనుకి మళ్ళీ బోరింగు చేయించే ఆలోచన వదిలెయ్. క్రాంకు రెండుసార్లు అరగదీశాక మూడోసారికి బేరింగు దొరకడమే కష్టం. పైగా ఆయిల్లో నీళ్ళు కలిశాయంటే ఉప్పునీరు లోపల ఎక్కడో దారి చేసుకుంది.

మీ తమ్ముడి స్పీడు సంగతి తేలుద్దాం. మీ బోటు 27 అడుగులున్నా నీటి మీద ఆనేది 25 అడుగులే అన్నావు. నీళ్ళని చీల్చుకుంటూ పోయే ఇలాంటి బోటుకి స్పీడు హద్దు పొడవుని బట్టే ఉంటుంది. ఆనిన పొడవుకి వర్గమూలం తీసి 1.34తో గుణించు. 25కి వర్గమూలం 5, అంటే 6.7 నాట్లు, గంటకి 12 కిలోమీటర్ల చిల్లర. ఆ పైన బోటు తను లేపిన అలనే తను ఎక్కాలి. అమరం (బోటు వెనక భాగం) కూచుంటుంది, అణియం (ముందు భాగం) లేస్తుంది, పొగ వస్తుంది, ఒడ్డు మాత్రం దగ్గర పడదు. 45 పెడితే అర నాటు ఎక్కువ వస్తుందేమో. దానికి డీజిలు రెట్టింపు పోస్తావు. ఒక హార్స్‌పవరు గంటసేపు పనిచేస్తే సుమారు 200 మిల్లీలీటర్లు తాగుతుంది. 20 వాడితే గంటకి 4 లీటర్లు, 45 మొత్తం వాడితే 9. సర్కారు లీటరుకి 9 రూపాయలు రాయితీ ఇస్తోంది కదా అని ఈ లెక్క మరిచిపోకు.

మరి ఎంత పవరు కావాలి? వల, ఐసు, మనుషులు, పడిన చేప అంతా కలిపి బోటు 4 టన్నులనుకో. టన్నుకి 4 నుంచి 5 హార్స్‌పవరు చాలు. అంటే 16 నుంచి 20. ఎదురుగాలికీ, బ్యాటరీ ఛార్జింగుకీ కొంచెం కలుపుకుంటే 22. మీ నాన్న ఆ రోజుల్లో 20 పెట్టించాడంటే లెక్క తెలిసే పెట్టించాడు.

ట్రాక్టరింజను వద్దనడానికి ఇంకో కారణం ఉంది. చాలా ట్రాక్టర్లలో ఇంజనే ఛాసిస్. ముందు ఇరుసు దానికే బిగించి ఉంటుంది. అందుకని ఆయిలు సంపు కూడా బరువైన పోత ఇనుముతో, లోతుగా చేస్తారు. నీ బోటులో ఇంజను కూచునే బెడ్డు మీద అది అడుగు దూలానికి (కీల్) తగులుతుంది. కాళ్ళు ఎత్తితే షాఫ్టు కోణం మారిపోతుంది. నీ గేరుబాక్సు 20కి చేసింది, దాని మీద 45 పెడితే పళ్ళు ఒలుచుకుపోతాయి. దాని నీటి దారుల్లోకి నేరుగా సముద్రపు నీళ్ళు పెడితే బ్లాకుని తుప్పు తినేస్తుంది. ఇవన్నీ సరిచేసేసరికి ఆ 90 వేలు ఎక్కడాగుతాయో చెప్పలేను.

కాబట్టి 22దే తీసుకో. కానీ అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఇది నా తప్పు వల్ల నేర్చుకున్నది, చెబుతాను.

షెడ్డు పెట్టిన కొత్తలో కళింగపట్నం బోటొకటి వచ్చింది. పాతది 1500 ఆర్‌పీఎం, కొత్తది 3000, నీ లెక్కే. అప్పటిదాకా నేను పొలాల్లో 5 హార్స్‌పవరు కిర్లోస్కర్ పంపింజన్లు విప్పినవాణ్ణి. గేరుబాక్సు బాగానే ఉందిగా, పంకా కంచుదిగా, ఎందుకు మార్చాలి అనుకుని కొత్తింజను పాత గేరుకే తగిలించాను. వంశధార మొగలో దింపి యాక్సిలరేటరు పూర్తిగా తోశాం. 1200 చుట్లు దాటలేదు. నల్లటి పొగ. ఓనరు 'కొత్త కదా, నలుగుతుందిలెండి' అన్నాడు, నేనూ తలాడించాను. నెల తిరక్కుండా ఎగ్జాస్టు వాల్వులు కాలిపోయాయి. సగం ఖర్చు నేను పెట్టుకున్నాను.

ఎందుకలా జరిగిందో నీ అంకెలతోనే చూడు. పాత ఇంజను 1500, గేరు రెండుకి ఒకటి, పంకా 750 చుట్లు తిరిగింది. కొత్తింజను 3000 తిరిగితే అదే గేరులో పంకా 1500 తిరగాలి. పంకా చుట్లు రెట్టింపైతే దానికి కావలసిన పవరు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు. ఏ 22 ఇంజనూ ఆ బరువు మోయలేదు. సగంలోనే ఊపిరాడక ఆగిపోతుంది.

అందుకని కొత్తింజనుతోపాటు మూడుకి ఒకటి గేరుబాక్సు తీసుకో. పంకా 1000 తిరుగుతుంది. ఆ చుట్లకి పాత 20×14 పనికిరాదు. దాన్ని 1000 తిప్పాలంటే 47 హార్స్‌పవరు కావాలి. 18 అంగుళాలు, 11 పిచ్ దగ్గర మొదలుపెట్టు. నాలుగుకి ఒకటి గేరు దొరికితే ఇంకా మంచిది, అప్పుడు పాత పంకానే ఉంచుకోవచ్చు. పెద్ద పంకా మెల్లగా తిరిగితే బరువు బోటుకి అంతకన్నా సుఖం లేదు. కొత్త గేరుబాక్సు షాఫ్టుని ఎటు తిప్పుతుందో డబ్బు కట్టకముందే అడుగు. అమరం వెనక నిలబడి చూస్తే ముందుకి పోయేటప్పుడు పంకా గడియారం ముల్లులా తిరుగుతుందా, దానికి ఎదురుగానా? అది కలవకపోతే పంకా మళ్ళీ కొనాలి.

కూలింగు: హీట్ ఎక్స్‌ఛేంజరు ఉన్నదే కొను. లోపల మంచినీళ్ళు తిరుగుతాయి, ఉప్పునీరు బయటి పైపుల్లోనే ఉంటుంది. కొందరు బోటు అడుగున కీల్ పైపులు పెట్టమంటారు. ఒండ్రు నీటిలో అవి మంచివే. కానీ మీ మొగలో ఇసుక మేట ఉంది, నీ బోటు దాని మీద కూచోని రోజు అరుదు. పైపులు నలిగిపోతాయి. ఉప్పునీటి పంపుకి చెత్త ఆపే పెద్ద స్ట్రైనరు పెట్టి, వరదల నెలల్లో రోజూ విప్పి కడుగు. పంపులో రబ్బరు ఇంపెల్లరు నీళ్ళు లేకుండా కొద్ది నిమిషాలు తిరిగితే చాలు, రెక్కలు ఊడొస్తాయి. స్పేరు ఒకటి బోటులోనే ఉండాలి.

పాత ఇంజను లేపగానే బెడ్డు దుంగల్ని స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు. ఏళ్ళ తరబడి డీజిలు, నీళ్ళు నానిన చెక్క పైకి బాగానే కనిపిస్తుంది, లోపల రొట్టెలా ఉంటుంది. మెత్తగా దిగితే దుంగ మార్చాకే ఇంజను దింపించు.

గేరుబాక్సునీ పంకా షాఫ్టునీ కలిపే కప్లింగు అలైన్‌మెంటు గట్టు మీద చేసి 'అయిపోయింది' అంటే నమ్మకు. బోటుకి గట్టు మీద ఒక ఒంపు, నీళ్ళలో ఇంకో ఒంపు. నీళ్ళలో దింపి, ట్యాంకు నింపి, రెండు రోజులు ఆగాక ఫీలర్ గేజి (సందు కొలిచే పలచటి రేకు) పెట్టి నాలుగు వైపులా చూడాలి. 4 అంగుళాల కప్లింగుకి తేడా 4 థౌ, అంటే 0.1 మిల్లీమీటరు, దాటకూడదు. ఆ రోజు మేస్త్రీ పక్కనే నువ్వూ ఉండు.

ట్రయలు మొగలో చెయ్యొద్దు. లోతు తక్కువైతే నీళ్ళు బోటుని పట్టి లాగుతాయి, లెక్క తప్పుతుంది. బయట లోతులో, సరుకంత బరువు వేసుకుని, పూర్తిగా తొయ్. 3000 అందుకుంటే సరే. 2700 దగ్గర ఆగి నల్లపొగ వస్తే పిచ్ ఎక్కువైంది, పంకా పనివాడి చేత తగ్గించు. 3000 దాటి అరుస్తుంటే పిచ్ తక్కువ.

పని వేట నిషేధంలో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 లోపు పెట్టుకుంటావు, తెలుసు. అందరూ అప్పుడే పెట్టుకుంటారు. గేరుబాక్సుకి మాత్రం మార్చిలోనే ఆర్డరివ్వు. ఇంజను నంబరు మారాక మత్స్యశాఖ ఆఫీసులో రిజిస్ట్రేషను కాగితంలో మార్పించు. పాత నంబరుతో తిరిగితే డీజిలు రాయితీ దగ్గరా, బీమా దగ్గరా మాటపడాలి.

ప్రశ్న: మాది పూసపాటిరేగ వైపు. ఒక కల్యాణమండపం వాళ్ళు పాత జనరేటరు అమ్ముతున్నారు. గాలితో చల్లబడే ఇంజను. మా చిన్న బోటుకి పనికొస్తుందా?

జవాబు: పనికొస్తుంది, పని పెడుతుంది కూడా. కరెంటు 50 సైకిళ్ళు రావాలని చుట్లని అదుపుచేసే దాని గవర్నరుని 1500 దగ్గర కట్టేసి ఉంచుతారు. యాక్సిలరేటరు లివరుకి మార్చాలి. గేరుబాక్సు ఉండదు, వేరే కొనాలి. పెట్టెలో మూసి పెడితే వదిలిన వేడిగాలినే మళ్ళీ పీల్చి కాగిపోతుంది. రేకు గొట్టంతో ఆ గాలిని బోటు బయటికి పంపాలి. ఇంజను ఒంటి మీద వేడి వదిలే ఫిన్నుల్లో ఉప్పు పేరుకుంటుంది, తరచూ శుభ్రం చెయ్యి. బేరానికి తెల్లవారుజామునే వెళ్ళు. ముందు బ్లాకు మీద చెయ్యేసి చూడు. వెచ్చగా ఉంటే నీకోసం ముందే తిప్పి ఉంచారు, తిరిగొచ్చెయ్. చల్లగా ఉంటే నీ ఎదుట స్టార్టు చేయించి, ఆయిలు పోసే మూత తీసి చూడు. అక్కడ పొగ బుస్సుబుస్సుమని తన్నుకొస్తే రింగులు పోయినట్టే.