రామచిలుక బొమ్మ ప్లాస్టిక్‌లా వస్తోందా? కొత్త బ్రష్ కొనకండి

ట్యాబ్లెట్ మీద మన రామచిలుకను గీస్తే ప్లాస్టిక్ బొమ్మలా వస్తోందని, ఈకల కోసం ఏ బ్రష్ కొనాలని అడిగారు. మీరు పెట్టిన బొమ్మ చూశాను. బ్రష్ మాత్రం కొనకండి. మొదట్లో నేనూ ఈకల బ్రష్‌ల ప్యాక్ ఒకటి కొని, తల నుంచి తోక దాకా ఈకలన్నీ అచ్చు వేసేశాను. చూస్తే చిలుకకు పొలుసులొచ్చి చేపలా తయారైంది.

చిలుక తల మీద, రొమ్ము మీద మన కంటికి విడివిడిగా ఈకలు కనపడవు, మెత్తటి మఖమల్ గుడ్డలా ఉంటుంది. అంచులు తెలిసేది మడిచిన రెక్కలోనూ తోకలోనూ. తోకలో 12 ఈకలు, నడిమి రెండూ అన్నిటికంటే పొడవు. ఆ రెండు చోట్లా గీతలు శుభ్రంగా పెట్టి, మిగతా ఒంటికి మామూలు గుండ్రటి బ్రష్ వాడితే చాలు. నేను వాడేది క్రిటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్, ఉచితం.

అసలు చిక్కు ఆకుపచ్చతోనే. మీరు ఒకే పచ్చ తీసుకుని, వెలుగుకు తెలుపు, నీడకు నలుపు కలిపారు. చిలుక ఈకలో పచ్చ రంగు పదార్థమంటూ విడిగా లేదు. పసుపు రంగు పదార్థం ఒకటుంటుంది. ఈక లోపలి సన్నటి నిర్మాణం వెలుగును చెదరగొట్టి నీలం పుట్టిస్తుంది. రెండూ కలిస్తే మనకు పచ్చగా కనిపిస్తుంది. అందుకే పొట్ట దగ్గర పసుపు వైపు, మెడ వెనుక, తోక మీద నీలం వైపు జరుగుతుంది. తోక కింది వైపు తిప్పి చూస్తే దాదాపు పసుపే. నేను పొట్టకు ఒకటి, వీపుకు ఒకటి, రెక్కకు ఇంకాస్త ముదురుది ఒకటి, మూడు పచ్చలతో మొదలుపెడతాను. శాచురేషన్, అంటే రంగు గాఢత, 60 శాతం దాటనివ్వను. నీడకు నలుపు బదులు నీలిపచ్చను మల్టిప్లై లేయర్‌లో, అంటే కింది రంగును ముదురు చేసే పొరలో, పలచగా వేస్తాను. ప్లాస్టిక్ మెరుపు సగం అక్కడే పోతుంది.

మిగతా సగం కంట్లో ఉంది. మీ చిలుకకు కుక్కపిల్ల కళ్లు పెట్టారు, పెద్దగా, నల్లగా. నిజానికి ఎదిగిన రామచిలుక కన్ను పాలిపోయిన పసుపు, మధ్యలో చిన్న నల్ల చుక్క, చుట్టూ సన్నటి నారింజ అంచు. ముద్దుగా ఏమీ ఉండదు, అనుమానంగా చూస్తున్నట్టు ఉంటుంది. కాలివేళ్లు కూడా కాకివి గీశారు, మూడు ముందుకు, ఒకటి వెనక్కి. చిలుకకు రెండు ముందుకు, రెండు వెనక్కి.

నా పరువు పోయిన సంగతీ చెప్పాలి. 2018లో రామచిలుకను ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిగా ప్రకటించారు కదా, తర్వాత ఒక స్కూలు వాళ్లు దాని మీద పోస్టరు అడిగారు. చెట్టు తొర్ర, లోపల పిల్లలు, గుమ్మంలో తల్లి, పక్కకొమ్మ మీద తండ్రి. రెండింటికీ మెడలో నలుపు, గులాబీ పట్టీ అందంగా వేశాను. పక్షులు చూసే అలవాటున్న ఒక రిటైర్డు మాస్టారు కళ్లజోడు సర్దుకుని, "తల్లి ఏదీ బాబూ, ఇద్దరూ తండ్రులే ఉన్నారు?" అన్నారు. ఆ పట్టీ మగదానికే ఉంటుంది, అదీ దాదాపు మూడో ఏట గానీ రాదు. అప్పట్నుంచీ ఏ చిలుక, ఆడా మగా, పెద్దదా పిల్లా అన్నది తేల్చుకోకుండా కొత్త ఫైలు తెరవను.

ఏ చిలుక అన్నదీ ముఖ్యమే. భుజం మీద మెరూన్ మచ్చ, లావాటి ఎర్ర ముక్కు ఉంటే అది ఇంకా పెద్ద జాతి. ఆ మచ్చ ఆడదానికీ ఉంటుంది. ఊదా ఎరుపు తల ఉన్న చిన్న చిలుకలో ఆడదాని తల బూడిద రంగు. ఇక తూర్పు కనుమల అడవుల్లో తలకిందులుగా వేలాడుతూ నిద్రపోయే పొట్టి తోక చిలుక 14 సెంటీమీటర్లే, పిచ్చుకంత. దాన్ని గీయడం మాత్రం నాకింకా పట్టుబడలేదు.

చూసి గీయడానికి పంజరం చిలుక దగ్గరికి, జోస్యం చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం మన చిలుకల్ని పట్టడం, పెంచడం నేరం. పైగా ఊచలకు రాసుకుని తోక విరిగిపోయి ఉంటుంది, బొమ్మలోకీ ఆ విరిగిన తోకే వస్తుంది. పొద్దున్నే జొన్నచేను గట్టునో జామతోటలోనో కూర్చోండి. తినేటప్పుడు కాసేపు కదలవు, ఒంటికాలి మీద నిలబడి రెండో కాలితో గింజో పండు ముక్కో పట్టుకుంటాయి. ఫోన్‌లో ఫొటోలు మసకగా వచ్చినా పర్వాలేదు, భంగిమ దొరికితే చాలు.

అచ్చుకిచ్చేట్టయితే ఒక్క మాట. స్క్రీన్ మీది ఆ మెరిసే పచ్చ నాలుగు రంగుల సిరాలో రాదు. నా మొదటి క్యాలెండరులో చిలుకలన్నీ గోంగూర పచ్చడి రంగులో వచ్చాయి. క్రిటాలో సాఫ్ట్ ప్రూఫింగ్ ఆన్ చేసుకుంటే అచ్చులో రంగులు ఎలా వస్తాయో స్క్రీన్ మీదే కనిపిస్తుంది, అది చూడండి, ప్రెస్‌లో ముందు ఒక్క కాపీ తీయించండి.

ఇప్పటికి మీ బొమ్మలో కన్ను ఒక్కటీ మార్చి మళ్లీ పెట్టండి, రంగుల సంగతి ఆ తర్వాత చూద్దాం.