తగవును ఎందుకు దాచావు?

విశాఖపట్నం

చిరంజీవికి,

ఇద్దరు అధ్యాపకుల ఉమ్మడి పరిశోధన మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. నాలుగో పేజీ దాకా ఓర్చుకున్నాను. అక్కడ ‘మొదట్లో స్వల్ప అభిప్రాయ భేదాలు తలెత్తినా అవి త్వరలోనే సద్దుమణిగాయి’ అని రాశావు. కాగితాలు బల్ల మీద పడేసి వరండాలోకి వెళ్లిపోయాను. నువ్వు రాయవలసిన వ్యాసమంతా ఆ ఒక్క వాక్యం కింద ఉందమ్మా. ఎవరూ అడగకుండానే దాన్ని కప్పెట్టేశావు.

జంతుశాస్త్రం చెప్పే ఆవిడ, కంప్యూటర్ సైన్స్ చెప్పే ఆయన కలిసి, విశ్వవిద్యాలయం ఇచ్చిన సీడ్ గ్రాంటుతో, అంటే పని మొదలుపెట్టడానికిచ్చే చిన్న మొత్తంతో, ఫిషింగ్ హార్బర్‌లో దిగే చేపలను ఫోటో చూసి గుర్తుపట్టే ప్రోగ్రామ్ తయారు చేస్తున్నారు. ఇంత సరుకు చేతిలో ఉండగా ‘బహుళశాస్త్ర సమన్వయం నేటి తక్షణావసరం’ అని ఎత్తుకున్నావు. ఆ మాట స్నాతకోత్సవాల్లో వినీ వినీ నా చెవులు అరిగిపోయాయి.

ఆవిడ ఒక మాట అన్నట్టు రాశావు: ‘కవళ్లను ఫోటోలో తేల్చలేమని ఆయనకు చెప్పాను.’ నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టిన వాక్యం అదొక్కటే. ఎందుకు తేల్చలేరు? నువ్వు అడగలేదు. కవళ్లంటే సార్డిన్ చేపలు. వాటిలో కొన్ని జాతులను వేరు చేయాలంటే మొప్ప ఎత్తి, లోపల దువ్వెన పళ్లలా ఉండే ముళ్లను లెక్కపెట్టాలి. పైనుంచి తీసిన ఫోటోకు అవి కనిపించవు. ఆయనకేమో వేల ఫోటోలు కావాలి, ప్రతి ఫోటో కిందా ఒక పేరు కావాలి. ఖాయంగా తెలియకుండా పేరు రాయనని ఆవిడ అంటుంది. కొన్ని తప్పులుంటే యంత్రం సర్దుకుంటుందని ఆయన అంటాడు. తప్పు అంటే ఏమిటన్న దగ్గరే ఇద్దరికీ కుదరలేదు. రెండు శాస్త్రాలు కలవడమంటే ఇదే. చేతులు కలిపి ఫోటో దిగడం కాదు.

ఇంకో తగవు కూడా జరిగే ఉంటుంది, నీకు చెప్పి ఉండరు. ఆయన వేసవి సెలవుల్లో ఫోటోలు తీద్దామని ఉంటాడు. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. తాళ్లు కట్టిన బోట్లను తప్ప ఏం ఫోటో తీస్తాడు? విశ్వవిద్యాలయం లెక్కలేమో మార్చి 31కి ముగుస్తాయి. మంజూరు ఉత్తర్వు జనవరిలో వచ్చి, మూడు కొటేషన్లు తెప్పించి కెమెరా కొనేసరికి చేపలు ఉండవు, చేపలు వచ్చేసరికి డబ్బు మురిగిపోతుంది. సంతానోత్పత్తి క్యాలెండరు ఒకటి, ఆడిటు క్యాలెండరు ఒకటి. వీటి మధ్య ఇరుక్కున్న మనుషుల గురించి రాయమంటే ‘నిధులు మంజూరయ్యాయి’ అన్న ఒక్క ముక్కతో దాటేశావు. కెమెరా ఎవరి విభాగం స్టాకు రిజిస్టరులో ఎక్కింది? బిల్లుల మీద సంతకం ఎవరిది? ఐసుకు, బోటు దగ్గర సాయానికి ఎంత పోయింది? ప్రాజెక్టు అసిస్టెంటు కుర్రాడికి జీతం ఏ నెల అందింది? రేపు పత్రం అచ్చయితే ముందు ఎవరి పేరు? ఇవన్నీ అడుగు. విసుక్కుంటారు, అయినా అడుగు.

సీడ్ గ్రాంటు ఎందుకన్నది కూడా నీ వ్యాసంలో లేదు. పెద్ద సంస్థల దగ్గరికి వెళితే ప్రాథమిక ఫలితాలు చూపించమంటారు. డబ్బు లేనిదే ఫలితాలు రావు, ఫలితాలు లేనిదే డబ్బు రాదు. ఆ ముడి విప్పడానికే ఈ చిన్న మొత్తం. రెండు శాస్త్రాల మధ్య పని చేసేవాళ్లకు ఇది మరీ అవసరం. ఆస్ట్రేలియా పరిశోధన మండలికి ఐదేళ్లలో వచ్చిన 18 వేలకు పైగా ప్రతిపాదనలను పరిశీలించి 2016లో నేచర్ పత్రికలో ఒక వ్యాసం వేశారు. శాస్త్రాల మధ్య దూరం పెరిగినకొద్దీ నిధులు దక్కే అవకాశం తగ్గిందని తేలింది. నన్నడిగితే, తగవు పడటానికి కావలసిన వ్యవధిని కొనిపెట్టేదే సీడ్ గ్రాంటు. వేరే సార్థకత దానికి అక్కర్లేదు.

వాళ్లిద్దరూ ‘ఒక సందర్భంలో’ కలిశారని రాశావు. ఏ సందర్భం? హార్వర్డ్ వైద్య కళాశాలలో ఇలాంటి గ్రాంటు ప్రకటించినప్పుడు శాస్త్రవేత్తలను లాటరీ పద్ధతిలో గదులకు పంచి గంటన్నర సేపు మాట్లాడుకోనిచ్చారు. ఒకే గదిలో పడినవాళ్లు జంటగా దరఖాస్తు పెట్టే అవకాశం 75 శాతం పెరిగింది. గంటన్నర! మనవాళ్లు దరఖాస్తు ఫారానికి పేజీలు పెంచుతారు గానీ ఇద్దరికి చెరో కప్పు టీ ఇచ్చి కూర్చోబెట్టరు.

ఇలా శాస్త్రాలు కలిసి పని చేయడం విదేశాల నుంచి వచ్చిన కొత్త ధోరణి అని కూడా అన్నావు. 1950ల్లో ఇదే వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త, భూగర్భ శాస్త్రం మహదేవన్ గారు, జంతుశాస్త్రం గణపతి గారు ఒకే సముద్రాన్ని పంచుకుని పని చేశారు. నౌకాదళం ఓడలిచ్చింది. తరువాత బంగాళాఖాతం అడుగున బయటపడిన లోయల్లో ఒకదానికి ఆంధ్ర, ఇంకొకదానికి మహదేవన్ అని పేర్లు పెట్టారు. నీ తరగతి గదికి నడక దూరంలో జరిగిన చరిత్ర ఇది.

నా గోడు కూడా విను. రామకృష్ణా బీచ్ ఇసుక ఎందుకు కోసుకుపోతోందో ఒకప్పుడు రాశాను. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక నైరుతి నుంచి ఈశాన్యానికి తీరం వెంబడి నడుస్తుంది, హార్బరు గోడలు దాన్ని ఆపేస్తాయి, అందుకే అక్కడ తవ్విన ఇసుకను బీచ్ వైపు పోయాలి. ఎంత పోయాలి, ఎక్కడ పోయాలి అన్న దగ్గర ఒక భూగర్భ శాస్త్రవేత్త, ఒక ఇంజనీరు నా ఎదుటే గొంతులు పెంచుకున్నారు. ఆ వాదనంతా పొల్లుపోకుండా రాసిచ్చాను. ఎడిటరు గారు ‘గొడవలు మనకెందుకండీ’ అని అదంతా కొట్టేసి, ‘నిపుణులు ఏకాభిప్రాయానికి వచ్చారు’ అని అచ్చేశారు. పాపం, వాళ్లిద్దరూ ఆ వాక్యం చదివి నా మీద పడ్డారు. లెక్కలుంటే పాఠకుడు పారిపోతాడన్నది కూడా ఆయన సిద్ధాంతమే. తరువాత సైన్సు రాతల్లో చెక్కు అందుకుంటున్న ఫోటో ఫ్యాషనైంది. ఇప్పుడు ‘విజయగాథ’ ఫ్యాషను. నీ వ్యాసానికి ఆ గాలి సోకింది.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. తరువాత చూద్దాం. ముందు మళ్లీ హార్బరుకు వెళ్లు, తెల్లవారుజామున వేలం నడుస్తుండగా. వాళ్లిద్దరినీ విడివిడిగా కలువు, కలిపి కూర్చోబెడితే మర్యాదలు మాట్లాడతారు. మార్చి నెలలో మాత్రం వెళ్లకు. బిల్లుల మధ్య ఉంటారు, టీ కూడా ఇవ్వరు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు