గ్రీన్ బిల్డింగ్‌లో మధ్యాహ్నం నిద్రమత్తు

ప్రశ్న: గచ్చిబౌలిలో గ్రీన్ రేటింగ్ ఉన్న అద్దాల భవనంలో మా ఆఫీసు. మీటింగ్ రూంలో పావుగంట కూర్చుంటే తల దిమ్మెక్కి నిద్ర ముంచుకొస్తుంది. పడమటి వరుస ఉడికిపోతుంటే మధ్య వరుసల వాళ్లు స్వెటర్లు వేసుకుంటున్నారు. రేటింగ్ ఉన్నా ఎందుకిలా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చాలా భవనాలకు రేటింగ్ కట్టినప్పుడు వచ్చిందే. ఇప్పుడు రోజూ ఎలా నడుపుతున్నారన్నదే మీ సమస్య.

ముందు నిద్రమత్తు సంగతి. కూర్చుని పనిచేసే మనిషి గంటకు సుమారు 20 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గదిలో పదిమంది చేరి, బయటి గాలి అసలు రాకపోతే 450 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు ఎన్ని వంతులన్న లెక్క) ఉన్నది పది నిమిషాల్లోనే 1000 దాటుతుంది. గాలి అలా మురిగిపోతేనే మత్తు కమ్ముతుంది. ఏసీ ఎంత చల్లగా ఉన్నా లాభం లేదు, అది తిప్పేది చాలావరకు లోపలి గాలినే.

ఎన్‌డీఐఆర్ సెన్సర్ (పరారుణ కాంతితో కార్బన్ డయాక్సైడ్‌నే నేరుగా కొలిచేది) ఉన్న మీటర్ కొనండి. ‘ఈసీఓటూ’ అని చూపే చవక మీటర్లు వద్దు. అవి వేరే వాయువులను బట్టి లెక్కగట్టి చెప్పేవి, సెంటు కొట్టుకున్నా అంకె ఎగిరిపోతుంది. ముందు ఆరుబయట పెట్టి చూడండి, 420–450 దగ్గర ఉండాలి. తర్వాత మనుషుల ఊపిరి నేరుగా తగలనంత దూరంలో, కూర్చున్నవారి తల ఎత్తులో, ఏసీ గ్రిల్‌కు ఎదురుగా కాకుండా పెట్టి మూడు రోజులు రాయండి.

అంకె మాటిమాటికీ 1000 దాటుతుంటే ఏహెచ్‌యూ (గాలిని చల్లబరచి అంతస్తుకు పంపే పెద్ద యంత్రం) గది తెరిపించండి. బయటి గాలిని లోపలికి వదిలే తలుపు, అంటే ఫ్రెష్ ఎయిర్ డ్యాంపర్ హ్యాండిల్‌ను మూసి తీగతో కట్టేసి ఉండటం మామూలే. మే నెల 40 డిగ్రీల గాలిని చల్లబరచాలంటే కరెంటు బిల్లు పెరుగుతుందని అలా చేస్తారు. ఇది పొదుపు కాదు, జనం ఊపిరి మీద కోత. దీనికి వేరే దారి ఉంది: అమెరికా బయట తొలి లీడ్ ప్లాటినం (అమెరికా గ్రీన్ రేటింగ్‌లో అత్యున్నత స్థాయి) భవనంగా పేరున్న హైదరాబాద్ సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్‌లో గాలి గోపురాలు కట్టి, బయటి గాలిని కాస్త చల్లబరచి ఏహెచ్‌యూకు పంపుతారు. డ్యాంపర్ తెరిచే ఉంటే ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడాలి. భవనం సొంత కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ రిటర్న్ డక్ట్‌లో (గదుల గాలి ఏహెచ్‌యూకు తిరిగి వెళ్లే గొట్టంలో) ఉంటే అంతస్తంతటి సగటే చూపిస్తుంది, మీ మీటింగ్ రూం దానికి కనిపించదు.

ఇక పడమటి వరుస. సాయంత్రం నాలుగింటికి ఆ అద్దం మీద అరచేయి పెట్టండి, కాలుతున్నట్టుంటుంది. గాలి 24 డిగ్రీలే ఉన్నా ఆ సెగ నేరుగా ఒంటికి తగులుతుంది. వాళ్ల కోసం ఏసీ సెట్ పాయింట్ (పెట్టిన ఉష్ణోగ్రత) 21కి దించితే మధ్యలో వాళ్లు వణుకుతారు. లోపలి బ్లైండ్లతో కంప్యూటర్ తెర మీద మెరుపు తగ్గుతుంది కానీ వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. పడమటి ఎండ వాలుగా వస్తుంది కాబట్టి బయట నిలువు పలకలు పెట్టించాలి. అద్దెవాళ్లకు అది చేతిలో లేకపోతే, ఎండవేడిని ఆపే ఫిల్మ్ అంటించమనండి. అద్దం తయారీదారు ఒప్పుకున్నాకే, లేకుంటే కొన్ని అద్దాలు వేడికి పగులుతాయి. సెట్ పాయింట్ 25–26కి పెంచి ఫ్యాన్లు తిప్పితే రెండు వైపులవాళ్లకూ ఊరట. ఏసీకి ఉష్ణోగ్రత చెప్పే థర్మోస్టాట్ పక్కన ప్రింటర్ ఉంటే, దాని వేడి తగలకుండా ముందు ఆ ప్రింటర్‌ను జరపండి.