బొమ్మ గుర్రానికి కళ్లెం, జీను: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అమెరికా నుంచి మా అన్నయ్య బ్రేయర్ గుర్రం బొమ్మ తెచ్చాడు. పాత హ్యాండ్‌బ్యాగు తోలుతో దానికి కళ్లెం చేశాను. పొడవు, వెడల్పు కొలిచే చేశాను. అయినా మొహానికి చెప్పు అట్ట కట్టినట్టుంది. తప్పెక్కడ?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: తప్పు మందంలో ఉంది. కొత్తగా చేసేవాళ్లలో ఎక్కువమంది వెడల్పు చూసుకుంటారు, మందం వదిలేస్తారు. బ్రేయర్ వాళ్ల పెద్ద సైజు గుర్రాలు 1:9 కొలతలో, అంటే అసలు గుర్రంలో తొమ్మిదో వంతు ఉంటాయి. అసలు గుర్రం కళ్లెపు తోలు మూడున్నర మిల్లీమీటర్లు ఉందనుకుంటే, మీ బొమ్మకు 0.4 మి.మీ. దాటకూడదు. హ్యాండ్‌బ్యాగు తోలు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. అంటే మీ గుర్రానికి దాదాపు సెంటీమీటరు మందం పట్టీ కట్టారన్నమాట!

కొలిచే పరికరం లేకపోయినా ఇబ్బంది లేదు. మామూలు జిరాక్స్ కాగితం ఒక్కోటి సుమారు 0.1 మి.మీ. నాలుగు కాగితాలు కలిపి రెండు వేళ్ల మధ్య పట్టుకోండి, తర్వాత తోలు పట్టుకోండి. వేళ్లకే తేడా తెలుస్తుంది.

ఏ తోలైనా పనికిరాదు. బ్యాగులకు వాడేది ఎక్కువగా క్రోమ్‌తో పదును చేసిన తోలు. అది మెత్తగా సాగుతుంది, అంచు నున్నగా రుద్దుడు పడదు. కోసిన అంచు చూడండి: లోపల నీలిబూడిద రంగు కనిపిస్తే క్రోమ్ తోలు, పైనుంచి కిందిదాకా గోధుమరంగే ఉంటే చెట్టు బెరడుతో పదును చేసింది. మీకు కావలసింది రెండోది. ఇందులో మనవైపు వాళ్లకు ఒక అదృష్టం ఉంది. తమిళనాడులో తంగేడు చెక్క, కరక్కాయలతో మేకతోళ్లు, గొర్రెతోళ్లు పదును చేసే పాత పద్ధతి ఒకటుంది, ‘ఈస్ట్ ఇండియా తోలు’ అంటారు. చిత్తూరు దాటితే రాణిపేట, ఆంబూరు తోలు ఊళ్లు దగ్గరే. చెప్పుల లోపలి లైనింగుకు వాడే వెజిటబుల్ టాన్డ్ (బెరడుతో పదును చేసిన) మేకతోలు, 0.6 మి.మీ.ది అడగండి. చిన్న ముక్కలు చాలు. ఒక్క చదరపు అడుగు తోలుతో అయిదారు కళ్లేలు వస్తాయి.

దాన్ని 0.4కి దింపాలి. తోలును కొద్దిగా తడిపి, నున్నటి వైపు కిందికి వచ్చేలా అద్దం పలక మీద పరిచి, కొత్త బ్లేడును బాగా వాల్చి పట్టుకుని వెనకవైపు పొరలు పొరలుగా గీకండి. బ్లేడు మొద్దుబారితే తోలును కొయ్యదు, ఈడ్చి చింపుతుంది. ఒక్కో కళ్లేనికి రెండు బ్లేడులైనా అవుతాయి, అక్కడ పిసినారితనం వద్దు.

పట్టీలు తోలులో మేక వెన్ను ఉన్న చోట, దాని వెంట నిలువున కోయాలి. పొట్టవైపు తోలు సాగిపోతుంది. తోలు చివర టేపుతో అంటించి, ఉక్కు స్కేలు పెట్టి, ఒకే ఊపులో లాగండి. కోశాక పట్టీని రెండు కొసలా పట్టుకుని ఒకసారి గట్టిగా సాగదీయండి. ఇప్పుడే సాగిపోతే మంచిది, గుర్రం మీద కట్టాక సాగితే నుదుటిపట్టీ కళ్ల మీదికి జారుతుంది. 1:9కి మేం వాడే వెడల్పులు ఇవి: చెంపపట్టీలు 1.5 నుంచి 2 మి.మీ., పగ్గాలు 2 మి.మీ., ఒక్కో వైపు 17 సెం.మీ. పొడవు, రికాబు వేలాడే పట్టీలు 3 మి.మీ., పొట్టపట్టీ 9 మి.మీ.

కుట్టు సంగతి కూడా చెప్పాలి. అసలు కళ్లేనికి అంగుళానికి ఎనిమిది కుట్లు వేస్తారనుకుంటే, 1:9లో అంగుళానికి డెబ్బై రెండు పడాలి. అది చేతితో అయ్యే పని కాదు. సూదిమొనతో అంచు వెంట సన్నని చుక్కలు నొక్కి వదిలేయండి, లావు దారంతో కుట్టిన నాలుగు కుట్లకన్నా అదే నిజంగా కనిపిస్తుంది. అతుకులకు తెల్ల ఫెవికాల్, అగ్గిపుల్ల కొసతో. సూపర్ గ్లూ పడిన చోట తోలు రాయిలా బిగుసుకుని, వంచగానే పగులుతుంది.

ప్రశ్న: బకిళ్లు విదేశం నుంచే తెప్పించుకోవాలా? మా ఊళ్లో కంసాలి చేత చేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: రెండూ చెయ్యండి. అమెరికాలో రియో రోండో వంటి సరఫరాదారులు ఈ పనికోసమే చిన్న బకిళ్లు, నోటికడ్డీలు, రికాబులు అమ్ముతారు. మొదట కొద్దిగానే తెప్పించి వాటిని నమూనాగా పెట్టుకోండి. ఆర్డరులో ‘చిన్న బకిల్’ అని రాస్తే లాభం లేదు. పట్టీ వెడల్పు మిల్లీమీటర్లలో రాయాలి.

ఇక కంసాలి పని. నగలకు కొక్కేలు చేసే చేతికి ఇది కష్టమేమీ కాదు, కొలత మాత్రం మీరు ఇవ్వాలి. 2 మి.మీ. పట్టీకి బకిల్ లోపలి ఖాళీ 2.3 మి.మీ. ఉండాలి. తీగ 24 గేజి (సుమారు అరమిల్లీమీటరు) ఇత్తడి లేదా జర్మన్ సిల్వర్, మెత్తబడేలా కాల్చినది. 2.3 మి.మీ. చదరపు కడ్డీకి ముందు ఒక పొర కాగితం చుట్టి, దాని మీద తీగను పక్కపక్కనే ఇరవై చుట్లు బిగించాలి. కాగితం ఎందుకంటే, అది కాలాకో నానాకో చుట్ట సులువుగా జారి వస్తుంది. లేకపోతే బిగుసుకుని రాదు. తర్వాత ఒక పక్క నిలువునా సన్నరంపంతో కోస్తే ఇరవై చదరపు రింగులు.

ప్రతి రింగు అతుకునూ వెలిగారం, వెండి టంకంతో అతకాలి. ‘ఇంత చిన్నదానికి అతుకెందుకు, నొక్కితే చాలదా’ అని కొందరంటారు. చాలదు. పట్టీ లాగిన రెండోసారికే మూల విచ్చుకుని తోలు జారిపోతుంది. అయితే అరమిల్లీమీటరు తీగ క్షణంలో కరుగుతుంది, టంకం మెరిసి పారగానే మంట తీసేయాలి. అతుకు ఉన్న పక్కను తోలు మడత లోపలికి పెట్టండి, కనబడదు. బకిల్ నాలుక, అంటే పట్టీ రంధ్రంలో దూరే ముల్లు, 28 గేజి తీగతో, ఆ పక్కకే వదులుగా ఒక చుట్టు తిప్పి, కొస ఎదుటి పక్క మీదికి వెంట్రుకంత దాటేలా కత్తిరించాలి. పొట్టిగా ఉంటే రింగులోంచి దూరి అటు పోతుంది. బకిళ్లను చింతపండు నీళ్లలో వేసి నలుపు వదిలించి, మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి.

రంధ్రాలకు ఆరె వద్దు, అది ఇంత సన్న పట్టీని చీలుస్తుంది. మందుల షాపులో 22 గేజి ఇంజెక్షన్ సూది కొని, ఏటవాలు మొనను నూరి సమం చేసి, అంచుకు పదును పెట్టండి. గుండ్రంగా తెగే పంచి తయారు. రంధ్రానికీ రంధ్రానికీ 2.5 మి.మీ. దూరం.

ప్రశ్న: నిరుడు చేసిన జీను మీద బకిళ్ల చుట్టూ ఆకుపచ్చటి జిగురు పేరుకుంది. కొబ్బరినూనెతో తుడిస్తే ఇంకా ఎక్కువైంది.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: నూనే దానికి మేత. ఇత్తడిలోని రాగి, తోలులోని కొవ్వుతో కలిస్తే ఆ పచ్చటి మైనం పుడుతుంది. జర్మన్ సిల్వర్‌లో పేరుకే వెండి, ఉన్నది రాగి, నికెల్, జింకు, కాబట్టి అదీ తప్పించుకోదు. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఈ బాధ లేదు. పచ్చటిదాన్ని వెదురు పుల్లతో గీకి, పొడి దూదితో తుడవండి. ఇకమీదట బకిల్‌ను తోలుకు ఎక్కించకముందే దానికి పారదర్శక లాకరు ఒక పూత వేసి ఒక రోజు ఆరనివ్వండి. తోలుకు నూనె అసలు పెట్టకండి. ఈ జీను మీద ఎవరూ ఎక్కరు, వాన తగలదు, నూనెతో పనిలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో సిలికా జెల్ పొట్లం పెట్టిన డబ్బాలో ఉంచితే బూజు కూడా పట్టదు.

ప్రశ్న: మాధవమాలలో కొన్న చెక్క గుర్రానికి జీను చేయాలి. దాని స్కేలు ఎలా తెలుస్తుంది? అశ్వవాహనం అలంకారంలా చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, ఏర్పేడు

జవాబు: మెడ మొదట్లో వీపు ఎత్తుగా లేచే చోటు నుంచి నేల దాకా మిల్లీమీటర్లలో కొలవండి. మధ్యరకం గుర్రం అక్కడ 1520 మి.మీ. ఉంటుంది. 1520ని మీ కొలతతో భాగించండి. మీ కొలత 127 అయితే 1:12, 170 అయితే 1:9. చెక్క గుర్రాల తల ఒంటితో పోలిస్తే పెద్దదిగా ఉండొచ్చు, అందుకే కళ్లేనికి స్కేలును నమ్మకుండా కాగితపు పట్టీలు తల చుట్టూ చుట్టి కొలత తీసుకోండి.

బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు రాత్రి కల్కిగా స్వామి ఊరేగే అశ్వవాహనం తరహా చేయడం మంచి ఆలోచనే. అది మాత్రం తోలు పని కాదు. జరీ అంచు, సన్న గొలుసులు, పూసలు కావాలి. తోలు జీనూ వాహనపు అలంకారమూ ఒకే గుర్రం మీద కలపకండి. రెండూ చెడతాయి.

ప్రశ్న: మూడంగుళాల బుల్లి గుర్రాలకు ఇదే తోలు వాడొచ్చా?
– ఒక విద్యార్థి, పుత్తూరు

జవాబు: వద్దు. అవి 1:32 కొలత, పట్టీ మందం 0.1 మి.మీ. రావాలి. రంగు వేసిన గట్టి కాగితమో, సన్న శాటిన్ రిబ్బనో తీసుకుని అరమిల్లీమీటరు పట్టీలు కోయండి. బకిల్‌కు బదులు వెండిరంగు చుక్క పెట్టండి.

ప్రశ్న: ఎండాకాలంలో నా గుర్రం ఒకవైపు ఒరిగింది. నల్ల జీను తీస్తే తెల్లటి వీపు మీద మరక. నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడవొచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: దయచేసి తుడవకండి. బ్రేయర్ గుర్రాల ప్లాస్టిక్ సెల్యులోజ్ అసిటేట్. రిమూవర్‌లోని అసిటోన్ మరకతోపాటు వీపునూ కరిగిస్తుంది. సబ్బునీళ్లతో మెత్తగా ప్రయత్నించండి, పోకపోతే జీను కప్పేస్తుంది, వదిలేయండి. ఇకనుంచి ఏ రంగు తోలైనా తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. గుడ్డకు రంగు అంటితే గుర్రానికీ అంటుతుంది. జీను కింద తెల్ల నూలుగుడ్డ వేయండి, చూడటం అయ్యాక జీను విప్పేయండి.

ఒరగడం రోహిణి కార్తె ఎండ పని. కిటికీ దగ్గరా, మూసిన కారులోనూ ఉంచకండి. వంగిన కాలును వేడినీళ్లలో, మరిగే నీళ్లలో కాదు, ఒకటి రెండు నిమిషాలు ముంచి, మెత్తబడ్డాక మెల్లగా సరిచేసి, అలాగే పట్టుకుని చన్నీళ్లలో ముంచండి. బీరువాలో గుర్రం దగ్గర కలరా ఉండలు వేయకండి, ప్లాస్టిక్కుకూ రంగుకూ మంచిది కాదు.

ప్రశ్న: నేను చేసిన సెట్లను బయటి సేకర్తలకు అమ్మాలనుకుంటున్నాను. వాళ్లు ఏం చూస్తారు?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: అమరిక. నోటికడ్డీ సరిగ్గా పెదవి మూలలో కూర్చోవాలి, గాలిలో వేలాడకూడదు. పొట్టపట్టీ మెలి తిరగకూడదు. రికాబులు రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. బొమ్మ గుర్రాల పోటీల్లో న్యాయనిర్ణేతలు ముందు చూసేవి ఇవే. ఇంగ్లిష్ స్వారీ జీనుకు వెస్టర్న్ (అమెరికా కౌబాయ్‌ల తరహా) నోటికడ్డీ పెడితే ఎంత నగిషీ చేసినా మార్కులు పోతాయి.

అమ్మకపు వివరాల్లో స్కేలు, ఏ గుర్రం మీద అమర్చి చూశారు, తోలు రకం, లోహం, బకిళ్లు నిజంగా విప్పి పెట్టేవా ఉత్త అలంకారమా, ఇవన్నీ రాయండి. ఫొటోలో పక్కన స్కేలు పెట్టండి. ఒకే అచ్చు గుర్రాల్లోనూ తల చిన్నా పెద్దా తేడాలుంటాయి, కాబట్టి సరిపోయే రంధ్రానికి పైన రెండు, కింద రెండు అదనంగా వేయండి. రాజస్థాన్ మార్వారీ జాతి గుర్రపు సామాను చేయగలిగితే మీకు గిరాకీ ఉండొచ్చు. కానీ ఫొటో చూసి ఆకారం దింపడం చాలదు. ప్రతి పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ కట్టుకుంటుందో ఒక అసలు గుర్రం పక్కన నిలబడి గీసుకుని రండి.