పిల్లలకు ముందు నువ్వే చెప్పు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. పెద్ద యూనివర్సిటీ వాళ్ళు హెడ్ కోచ్‌గా రమ్మంటున్నారని చెబుతుంటే నీ గొంతులో సంతోషం ఎంత ఉందో, టెన్షన్ కూడా అంతే ఉంది. నేను ఈ అమెరికాలో 26 ఏళ్ళు చిన్న కాలేజీల్లోనే బాస్కెట్‌బాల్ అసిస్టెంట్ కోచ్‌గా పనిచేశాను. ముగ్గురు హెడ్ కోచ్‌లు నా కళ్ళ ముందే పెద్ద జాబులకు వెళ్ళారు. అందుకే ఈ ఉత్తరం.

వెళ్ళడం తప్పు కాదురా. ఎనిమిది గంటలు బస్సులో వెళ్ళి మ్యాచ్ ఆడించి, రాత్రికి రాత్రే తిరిగొచ్చి, పొద్దున్నే జిమ్ తాళం తీసింది నువ్వే. విశ్వాసం లేదని ఎవరన్నా అంటే పట్టించుకోకు. రెండు సీజన్లు వరసగా ఓడితే అదే కాలేజీ నిన్ను పొమ్మంటుంది.

కాకపోతే పేరు చూసి వెళ్ళకు, చోటు చూసి వెళ్ళు. 1999లో చిన్న కాలేజీ గొంజాగాని జాతీయ టోర్నమెంట్‌లో ఎలీట్ ఎయిట్, అంటే చివరి ఎనిమిది టీముల దాకా తీసుకెళ్ళిన కోచ్ డాన్ మాన్సన్ ఆ వేసవిలోనే మిన్నెసోటా యూనివర్సిటీకి వెళ్ళాడు. గొంజాగాతో పోలిస్తే అది ఎంతో పెద్ద ప్రోగ్రాం. కానీ ఆటగాళ్ళ చదువుల విషయంలో జరిగిన మోసం అప్పుడే బయటపడింది. ఆ పాత కోచ్ కాలపు తప్పుకి స్కాలర్‌షిప్‌లు కోత పడ్డాయి, బరువంతా ఈయన మోశాడు. 2006లో రాజీనామా చేయాల్సి వచ్చింది. అటు గొంజాగా ఉన్న స్పోకేన్‌లో ఆయన కుర్చీలో కూర్చున్న అసిస్టెంట్ మార్క్ ఫ్యూ, ఆ చిన్న కాలేజీలోనే ఉండి 2017లో, 2021లో టీమ్‌తో జాతీయ ఫైనల్ ఆడించాడు. నిజంగా పెద్ద జాబు ఏదో ఆ 1999లో ఎవరికి తెలుసు?

ఇంకొకటి నీకు గుర్తుండే ఉంటుంది. 2023 మార్చిలో, అదే టోర్నమెంట్‌లో, ఫెయిర్లీ డికిన్సన్ అనే చిన్న యూనివర్సిటీ పెద్ద టీమ్ పర్డ్యూని ఓడించింది. మగవాళ్ళ టోర్నమెంట్‌లో అన్నిటికన్నా కింది ర్యాంకు 16వ సీడ్, అన్నిటికన్నా పై ర్యాంకు ఒకటో సీడ్‌ని ఓడించడం అది రెండోసారి మాత్రమే. వారం తిరక్కుండానే వాళ్ళ కోచ్ టోబిన్ ఆండర్సన్ అయోనా యూనివర్సిటీకి వెళ్ళాడు. రెండు సీజన్లు అయ్యాక అయోనా వాళ్ళు తీసేశారు. మొదటిసారి ఆ పని చేసింది 2018లో యూఎంబీసీ అనే చిన్న యూనివర్సిటీ, వర్జీనియా మీద, 74-54 స్కోరుతో. ఆ కోచ్ రయన్ ఓడమ్ ఆ గెలుపు తర్వాత కూడా మూడేళ్ళు అక్కడే ఉన్నాడు. తర్వాత యూటా స్టేట్, వీసీయూ అనే రెండు యూనివర్సిటీల్లో పనిచేశాడు. 2025లో తాను ఓడించిన వర్జీనియాకే హెడ్ కోచ్ అయ్యాడు. ఈ ఫోన్ మళ్ళీ రాదేమో అన్న భయంతో మాత్రం సంతకం పెట్టకు. పని తెలిసినవాడికి మళ్ళీ వస్తుంది.

సంతకానికి ముందు అడగాల్సినవి మొహమాటపడకుండా అడుగు. నిన్ను తీసుకుంటున్న అథ్లెటిక్ డైరెక్టర్, అంటే అక్కడి ఆటల విభాగం పెద్ద, తనే ఇంకెన్నాళ్ళు ఉంటాడు? పాత కోచ్‌ని ఎందుకు తీసేశారు? 2025 నుంచి యూనివర్సిటీలే ఆటగాళ్ళకు నేరుగా డబ్బిస్తున్నాయి కదా, అందులో బాస్కెట్‌బాల్ వాటా ఎంత? గడువుకు ముందే కాంట్రాక్ట్ వదిలితే కట్టాల్సిన బైఅవుట్ డబ్బు ఎవరు కడతారు? ఇవన్నీ నోటిమాటగా వద్దు, కాగితం మీదే ఉండాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేను పనిచేసిన ఒక కాలేజీలో మా హెడ్ కోచ్ వెళ్ళిపోతున్నట్టు పిల్లలకు ఫోన్‌లో తెలిసింది. మధ్యాహ్నం మూడింటికి ప్రాక్టీస్. రెండో ఏడాది కుర్రాడొకడు బెంచీ మీద కూర్చుని ఎడమ బూటు లేసు కట్టుకుంటున్నాడు. పక్కవాడు ఫోన్ చూపించాడు. లేసు చేతిలో అలాగే పట్టుకుని, తలెత్తి నన్ను అడిగాడు: "కోచ్, ఇవాళ ప్రాక్టీస్ ఉందా?" అంతే, ఇంకేమీ అడగలేదు. ఆ కుర్రాడి ఇంట్లో భోంచేసి, ఈ నాలుగేళ్ళూ మీ అబ్బాయి నా బాధ్యత అని ఆ హెడ్ కోచ్ వాళ్ళమ్మకు మాటిచ్చాడు. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. లాకర్ రూమ్ బోర్డు మీద ఆయన ముందురోజు నీలం మార్కర్‌తో గీసిన ప్లే, ఆట ఎత్తుగడ బొమ్మ, అలాగే ఉంటే, నేనే తుడిచాను.

అందుకని, వార్త బయటికి వదిలే ముందు నీ పిల్లలతో మాట్లాడే టైమ్ కావాలని కొత్తవాళ్ళకూ, నీ ఏజెంట్‌కూ గట్టిగా చెప్పు. మెసేజ్ పెట్టకు. అందరినీ లాకర్ రూమ్‌లో కూర్చోబెట్టి, మొదటి మాటగానే "నేను వెళ్తున్నాను" అని చెప్పు. సీజన్ ఎంత బాగా ఆడారో పది నిమిషాలు చెప్పి, ఆ తర్వాత ఈ మాట చెబితే ఆ పొగడ్త కూడా వాళ్ళకి చేదైపోతుంది. ఎవరైనా ఏడిస్తే ఏడవనివ్వు, కోప్పడితే కోప్పడనివ్వు. నువ్వు సంజాయిషీ చెప్పుకోకు.

నాతో వచ్చేయండి అని ఆ గదిలో ఒక్కరితో కూడా అనకు. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ జాబితా అయిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో వాళ్ళు పేరు పెట్టకముందే అలా పిలవడం రూల్స్‌కి విరుద్ధం. పైగా నీ తర్వాత వచ్చే కోచ్‌కి టీమే మిగలదు. కోచ్ డస్టీ మే 2024లో ఫ్లోరిడా అట్లాంటిక్ యూనివర్సిటీ నుంచి మిషిగన్‌కి వెళ్ళినప్పుడు ఆయన ఆటగాడు, పొడుగాటి వ్లాడ్ గోల్డిన్ కూడా అక్కడికే వెళ్ళాడు, ఇద్దరికీ మేలే జరిగింది. వచ్చేవాడు వస్తాడు, ఆ నిర్ణయం వాడిది, వాళ్ళ ఇంట్లో వాళ్ళది. తల్లిదండ్రులకు మాత్రం అదే రోజు రాత్రి ఒక్కొక్కరికీ నువ్వే ఫోన్ చెయ్యి. ముఖ్యంగా ఎవరింట్లో భోంచేశావో వాళ్ళకి.

నీ అసిస్టెంట్లను మర్చిపోకు. హెడ్ కోచ్ వెళ్ళినప్పుడు నాకు రెండుసార్లు ఉద్యోగం పోయింది. రెండోసారి మీ అత్తయ్య నెల తప్పి ఉంది, ఆసుపత్రి ఇన్సూరెన్స్ కూడా ఆ ఉద్యోగంతోనే పోయింది. ఎవరిని వెంట తీసుకెళ్ళగలవో, ఎవరిని తీసుకెళ్ళలేవో పిల్లలకు చెప్పే ముందే వాళ్ళకు ముఖాముఖి చెప్పెయ్యి. చూద్దాంలే అని నాన్చకు.

అమ్మకి నేనేమీ చెప్పను, ఆ సంతోషం నీ నోటి నుంచే విననీ. పిల్లలతో మాట్లాడాక ఎంత రాత్రయినా సరే ఫోన్ చెయ్యి, మెలకువగానే ఉంటాను.

ప్రేమతో,
మామయ్య